కాలెండరు కోసం కొట్టిన మేకు

గుమ్మడిలంకలో తెలివిగలవాళ్ళు ఎంతమందని ఎవరైనా అడిగితే నూకరాజు వేళ్ళు మడిచి నలుగురని చెప్పేవాడు. ఒకడు తను. రెండోది భార్య మంగతాయారు. మూడోవాడు తమ్ముడు గవరయ్య. నాలుగోది అన్నదమ్ములిద్దర్నీ పెంచిన మేనత్త చిట్టెమ్మ. నలుగురూ ఒకే పెంకుటింట్లో ఉండటం ఊరి అదృష్టమని అతని నమ్మకం, ఎవరికి సలహా కావలసినా నాలుగిళ్ళు తిరగక్కర్లేదు కదా. ఊరివాళ్ళు కూడా అవునవునని తలలాడించేవారు. తలలాడించి, పక్కకు తిరిగి నవ్వుకునేవారు. ఆ నవ్వెందుకో నలుగురిలో ఒక్కరికీ ఇప్పటిదాకా తెలీదు.

వాళ్ళ తెలివి ఎంత గొప్పదో ఒక్క ముక్కలో చెప్తాను. నూకరాజు బొమ్మలు గీసుకోవడానికి ఒక టాబ్లెట్ కొన్నాడు. దాని డబ్బా మీద 'నీటికి దూరంగా ఉంచండి' అని రాసి ఉంది. గుమ్మడిలంక చుట్టూ గోదావరే. ఇంకేముంది, నలుగురూ కూర్చుని ఆలోచించి, టాబ్లెట్‌ని గవరయ్య చేతికిచ్చి మన్యంలో బంధువులింటికి పంపేశారు. అక్కడ వాన మొదలయ్యాక గవరయ్య దాన్ని చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

ఆ తర్వాత నూకరాజు వేలితో బొమ్మలు గీయడం నేర్చాడు. నేర్చి, తనలాంటివాళ్ళంతా బొమ్మలు పెట్టుకుని ఒకరికొకరు మంచీచెడ్డా చెప్పుకునే 'రంగులపందిరి' అనే ఆన్‌లైన్ గ్రూపులో చేరాడు. దాన్ని నడిపేది శశిరేఖ మేడం. ఆవిడ పెట్టిన మొదటి నియమం, 'చూసినదే గీయండి, ఊహించి గీయకండి' అని. నూకరాజుకి ఆ మాట ఎంత నచ్చిందంటే, బొగ్గుముక్కతో గుమ్మం పక్కన రాసిపెట్టుకున్నాడు.

"మన వంశంలో అబద్ధం గీసినవాడు లేడు" అన్నాడు.

"మన వంశంలో ఏదైనా గీసినవాడే లేడు కదన్నయ్యా" అన్నాడు గవరయ్య.

"అందుకే అబద్ధం కూడా లేదు" అంది చిట్టెమ్మత్త, ఆ లెక్కలో ఎవరికీ తప్పు కనబడలేదు.

బొమ్మ పెట్టినవాళ్ళు మిగతావాళ్ళ బొమ్మల మీద కూడా రెండు మంచిమాటలు రాయాలని గ్రూపులో ఆనవాయితీ. అక్కడ సగంమంది బొమ్మ చూడకుండానే సూపర్ అని కొట్టి చక్కా పోయేవాళ్ళు. నూకరాజు అలాంటివాడు కాదు. ఎవరో పాపం సూర్యాస్తమయం వేసి పెడితే, బయటికెళ్ళి చూసొచ్చి, 'తమరు పొరబడ్డారు, సూర్యుడు ఇంకా నడినెత్తినే ఉన్నాడు' అని రాశాడు. ఇంకొకావిడ ఆవకాయ జాడీ వేస్తే చిట్టెమ్మత్త తొంగిచూసి, "మూత తీసి ఉంచేసింది, బూజు పట్టిపోద్ది, వెంటనే మూత పెట్టుకోమని రాయరా" అంది. రాశాడు. ఆవిడ నవ్వుతున్న బొమ్మొకటి పంపింది. మూత పెట్టుకుందన్నమాట అనుకుని అందరూ సంతోషించారు.

దసరా వెళ్ళాక శశిరేఖ మేడం పోటీ పెట్టింది. అంశం 'మా ఇల్లు'. నెగ్గిన బొమ్మని కొత్త సంవత్సరం కాలెండరు మీద అచ్చేస్తారు, కింద గీసినవారి పేరు ఉంటుంది. ఆ మాట చదవగానే నూకరాజు చూపు పక్కింటి వైపు పోయింది. పక్కింటి బుల్లియ్య గారి వరండాలో ఒక కాలెండరు ఉంది. దాని మీద బుల్లియ్య గారి ఫొటోనే ఉంటుంది, ఏ సొసైటీవాళ్ళో వేయించారు. దారినపోయేవాళ్ళంతా ఆగి చూస్తారు. అది చూసినప్పుడల్లా నూకరాజుకి కడుపు మండేది. తన ఇంటి గోడ మీద ఎరువుల కొట్టువాడి కాలెండరు, దాని ముందు ఈగ కూడా ఆగదు. ఒక్క ఏడాది, ఒక్కటంటే ఒక్క ఏడాది, తన పేరున్న కాలెండరు తన గోడకి వేలాడాలి. ఊరంతా వచ్చి దాని ముందు నిలబడాలి. అతనికి అంతకన్నా ఇంకేం అక్కర్లేదు.

"నెగ్గాక మేకు కోసం వెతుక్కుంటామా" అని చిట్టెమ్మత్త అప్పటికప్పుడు వీధిగోడకి మేకు కొట్టేసింది.

నూకరాజు వాకిట్లో పీట వేసుకుని ఇల్లు గీశాడు. ముందు అరుగు మీద చిట్టెమ్మత్త. ఆవిడ వెనక వీధిగోడ, గోడకి మేకు. గోడవారన గుమ్మం దగ్గర గవరయ్య. కుడిపక్క రాటకి కట్టేసిన గేదె, పేరు గౌరి. గీసి పెట్టాడు. పెట్టిన గంటలోపే పరాంకుశం మాస్టారు జవాబిచ్చాడు. ఆయన ఎక్కడో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి, బహు మర్యాదస్తుడు, పని లేనివాడు.

'చాలా బాగుంది నూకరాజు గారూ. గేదె కొమ్ములు మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. రెండూ ఒకలా ఉంటే ముచ్చటగా ఉంటుంది. ఇది నా చిన్న సలహా మాత్రమే.'

నూకరాజు తలెత్తి గౌరి వైపు చూశాడు. నిజమే, ఒక కొమ్ము పైకి, ఒకటి కిందికి.

"మాస్టారు ఎంత నిశితంగా చూశాడో చూడు మంగా. ఇన్నేళ్ళుగా మన కొట్టంలో ఉంది, మనకే తెలీలేదు" అన్నాడు.

అంతే. రుబ్బురోలు పొత్రం తెచ్చి పైకున్న కొమ్ముకి వేలాడదీశారు, బరువుకి కిందికి వంగుతుందని. గౌరి ఒకసారి ఓర్చుకుంది. రెండోసారి తల విదిలించింది. పొత్రం ఎగిరి కుడితి గాబుని రెండు ముక్కలు చేసింది. గౌరి రాట పీక్కుని ఏటిగట్టు మీదుగా పరుగెత్తి, మళ్ళీ ఆ ఇంటి మొహం చూడలేదు. గేదైనా దానికి బుద్ధి ఉంది.

నూకరాజు చూసినదే గీసేవాడు కదా, గేదె లేకుండా మళ్ళీ గీసి పెట్టాడు. 'మీ సలహా ప్రకారం కొమ్ముల తేడా తీసేశాను' అని రాశాడు.

మాస్టారు మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, 'అరుగు మీద ఉన్నావిడ ముఖం నీడలో పడిపోయింది, కాస్త వెలుగు రానివ్వండి' అన్నాడు. ఇంకేముంది, గవరయ్య నిచ్చెనేసుకుని చూరు మీద పెంకులు పది వరసలు దింపేశాడు. ఎండ ధారాళంగా చిట్టెమ్మత్త నెత్తిన పడింది. పక్కింట్లోంచి బుల్లియ్య గారు కండువా దులుపుకుంటూ వచ్చారు.

"ఏంట్రా నూకరాజూ, శుభ్రమైన ఇంటికి పెంకులు దింపేస్తున్నావు?"

"అత్త ముఖం మీద వెలుగు లేదంటండీ."

"బొమ్మలోనే కదరా? వేలితో అక్కడ కాస్త పసుపురంగు పులమలేవూ?"

నూకరాజు ఆయన వైపు జాలిగా చూశాడు. అంత పెద్దమనిషికి ఈ పాటి తెలీదు. "బొమ్మలో పసుపు పులిమితే, ఇక్కడ అత్త ముఖం మీద వెలుగెలా పడుతుందండీ" అన్నాడు నెమ్మదిగా, అర్థమయ్యేలా.

బుల్లియ్య గారు కండువా భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. ఆయన వెళ్ళిపోవడం చూసి, ఒప్పుకున్నారని నలుగురూ మురిసిపోయారు.

పొద్దస్తమానం ఎండలో కూర్చునేసరికి చిట్టెమ్మత్త ముఖం మాడిపోయింది. మాడిన ముఖాన్నే నూకరాజు ఉన్నదున్నట్టు గీశాడు. మాస్టారు చూసి, 'ఇంకా నల్లగానే ఉంది, ఇంకాస్త వెలుగు' అన్నాడు. ఇంకాస్త పెంకులు దింపారు. ముఖం ఇంకాస్త నల్లబడింది. 'ఇంకా వెలుగు కావాలి.' ఇంకా దింపారు. ఇలా వారం తిరిగేసరికి ఇంటి మీద ఒక్క పెంకు లేదు, చిట్టెమ్మత్త ముఖంలో కళ్ళు తప్ప ఇంకేం కనబడటం లేదు.

"నాకు దిగులుగా ఉందిరా. వెలుగు పెరిగేకొద్దీ నేను తగ్గిపోతున్నాను" అంది ఆవిడ.

"కాలెండరు మీదకొచ్చే ముఖం, కాస్త ఓర్చుకో అత్తా" అన్నాడు నూకరాజు.

ఈసారి మాస్టారు గవరయ్య మీద పడ్డాడు. 'ముందున్నావిడ కన్నా వెనకున్న మనిషి చిన్నగా కనబడాలి. దూరం అలాగే తెలుస్తుంది.' గవరయ్య ఆరడుగుల మనిషి. చిన్నగా అవ్వమంటే ఎలా అవుతాడు? ముందు ముడుచుకుని కూర్చోబెట్టి చూశారు. మోకాళ్ళు అడ్డొచ్చాయి. రెండు పూటలు అన్నం మానిపించి చూశారు. సన్నబడ్డాడు గాని పొట్టిబడలేదు. ఆఖరికి మంగతాయారుకి తట్టింది.

"ఏవండీ, మరిదిగారిని తగ్గించలేం గాని, నేలని తగ్గించొచ్చు కదా."

నూకరాజుకి భార్య తెలివి చూసి కళ్ళు చెమర్చాయి. గోడ మొదట్లో, గవరయ్య నిలబడే చోట, గవరయ్య చేతే గొయ్యి తవ్వించారు. మొలలోతు చాలలేదు, ఛాతీలోతు తవ్వించారు. గవరయ్య అందులో దిగి నిలబడితే చిట్టెమ్మత్త కన్నా చిన్నగా, ముద్దుగా కనబడ్డాడు.

పునాది పక్కన అంత గొయ్యి తవ్వితే గోడ ఊరుకుంటుందా? తెల్లారేసరికి ముందుకి ఒరిగి నిలబడింది. నూకరాజు ఒరిగిన గోడనే గీశాడు. మాస్టారు జవాబు వెంటనే వచ్చింది. 'గోడ వంకరగా పడింది. అసలు ఆ గోడ చూపుకి అడ్డం. తీసేసి చూడండి, వెనక పొలాలు కనబడి బొమ్మకి అందం వస్తుంది. మీ ఇష్టం సుమండీ.'

"మీ ఇష్టం అన్నాడు. ఎంత మర్యాద" అంది మంగతాయారు.

"అంత మర్యాదగా చెప్పాక తీయకపోతే బాగోదు" అన్నాడు నూకరాజు.

"మేకు జాగ్రత్తరా" అంది చిట్టెమ్మత్త.

ముందు మేకు పీకి, గుడ్డలో చుట్టి, ఆవిడ బొడ్లో దోపుకుంది. తర్వాత గడ్డపారేసి ఒక్క పోటు పొడిచారు. అంతే. వీధిగోడ పడింది, దాన్ని పట్టుకుని పక్కగోడలు, వెనకగోడ పడ్డాయి, వాటి మీద దూలాలు, వాసాలు పడ్డాయి. గవరయ్య గోతిలో ఉన్నాడు గనక బతికాడు. మిగతా ముగ్గురూ వాకిట్లో ఉన్నారు గనక బతికారు. దుమ్ము అణిగాక వెనక పొలాలు నిజంగానే కనబడ్డాయి. నూకరాజు పొంగిపోయి, అత్తని మళ్ళీ అరుగెక్కించి, కనబడ్డది కనబడ్డట్టు గీసి పెట్టాడు.

రెండోరోజున శశిరేఖ మేడం స్వయంగా రాసింది. 'ఈ బొమ్మ చూసి నా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. అంశం మా ఇల్లు, బొమ్మలో ఇల్లే లేదు. తుఫానులో సర్వం పోగొట్టుకున్న కుటుంబం వేదన ఎంత గొప్పగా చూపించారు. ఇదే మా కాలెండరు బొమ్మ. ఇంక ఇందులో ఒక్క గీత కూడా మార్చకండి.' కింద వందమంది చప్పట్లు కొట్టారు. పరాంకుశం మాస్టారు ఇదంతా తన చలవేనని రాసుకున్నాడు. ఆ ఒక్కటి మాత్రం నిజం.

"తుఫానా? మనకి రాలేదే" అన్నాడు గవరయ్య గోతిలోంచి.

"వాళ్ళ ఊరికొచ్చిందేమో పాపం" అంది మంగతాయారు.

బుల్లియ్య గారు జాలిపడి నలుగురు మనుషుల్నీ, తాటాకుల్నీ తీసుకొచ్చారు, కనీసం పాకైనా వేద్దామని. నూకరాజు చేతులు అడ్డంపెట్టాడు. "ఒక్క గీత కూడా మార్చొద్దన్నారండి" అన్నాడు. అంతే, ఒక్క పుల్ల కదపనివ్వలేదు. ఆ శీతాకాలమంతా చిట్టెమ్మత్త అరుగు మీదే, గవరయ్య గోతిలోనే. భోజనం గోతిలోకే. మంచు పడితే గోనెపట్టా కప్పుకునేవాళ్ళు, ఎవరైనా వస్తుంటే తీసేసేవాళ్ళు.

డిసెంబరు ఆఖర్న పోస్టుమాను పొడుగాటి కాగితపు గొట్టం పట్టుకొచ్చాడు. ఇంటి నంబరు కోసం కాసేపు శిథిలాల్లో వెతికి, విసుగొచ్చి, నూకరాజు చేతిలో పెట్టి పోయాడు. విప్పారు. నిగనిగలాడే కాగితం మీద రాళ్ళగుట్ట, మాడిన ముఖంతో చిట్టెమ్మత్త, సగం గవరయ్య. కింద పెద్దక్షరాలతో 'చిత్రం: నూకరాజు, గుమ్మడిలంక'. నూకరాజు తన పేరుని వేలితో తడిమి చూశాడు. అంత సంతోషం అతనికి పెళ్ళినాడు కూడా లేదు.

"తగిలించరా మరి" అంది చిట్టెమ్మత్త, బొడ్లోంచి మేకు తీసి.

నూకరాజు మేకు అందుకుని గోడ వైపు తిరిగాడు. గోడ లేదు.

నలుగురూ చాలాసేపు ఆలోచించారు. మంగతాయారు మేకుని గాల్లో పెట్టి సుత్తితో కొట్టి చూసింది. నిలవలేదు. గవరయ్య, ఒకప్పుడు గోడ ఉన్న వైపుకి మేకుని గురిచూసి విసరమన్నాడు. విసిరారు, వెతికి తెచ్చుకున్నారు. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో పోగవుతున్నారు. నూకరాజుకి కంగారెక్కువైంది. ఇన్నాళ్ళూ కోరుకున్న జనం వచ్చేశారు, కాలెండరు చేతిలోనే ఉంది.

అప్పుడు తట్టింది అతనికి. గోడ లేకపోతేనేం, గోడ ఉన్న చోటు ఉందిగా. చిట్టెమ్మత్తని తీసుకెళ్ళి ఆ చోట నిలబెట్టాడు. మేకుని ఆవిడ గుప్పిట్లో పెట్టి, చెయ్యి పైకెత్తించి, మేకుకి కాలెండరు తగిలించాడు. అచ్చం వెనకటి మేకున్న ఎత్తే.

"ఎంతసేపురా?" అంది ఆవిడ.

"ఎంతసేపేంటత్తా, కాలెండరు ఎన్నాళ్ళుంటుంది? మళ్ళీ డిసెంబరు దాకా."

"ఆదివారాలు కూడానా?"

నూకరాజు దగ్గరికొచ్చి కాలెండరు చూశాడు. "ఎర్రంకె ఉన్న రోజు సెలవు" అన్నాడు. ఆవిడ తృప్తిగా తలూపింది.

ఊరంతా ఆ కాలెండరు ముందు నిలబడింది. బుల్లియ్య గారు కూడా నిలబడ్డారు. అందరూ బొమ్మని ఒకసారి, ఎదురుగా ఉన్నదాన్ని ఒకసారి చూస్తున్నారు. నవ్వేవాళ్ళకి కూడా నవ్వు రాలేదు. నూకరాజు ఛాతీ విరుచుకుని, ఎలా ఉందో అందరూ మనస్ఫూర్తిగా చెప్పండని అడిగాడు.

గోతిలోంచి గవరయ్య గొంతు వినబడింది.

"చాలా బాగుందన్నయ్యా. కాకపోతే అత్త కాస్త ఎడంపక్కకి వాలింది. ఇది నా చిన్న సలహా మాత్రమే."

నూకరాజు నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూశాడు. నిజమే, వాలింది.

"అత్తా, కదలకు" అన్నాడు. "మంగా, ఆ గడ్డపార ఇలా అందుకో. అత్త కుడికాలి కింద ఓ జానెడు తవ్వాలి."