గద్ద నీడ, అక్క చీర

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో గవరయ్య అని, బండి తోలుకుని బతికే ఆయన. ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది నూకాలు, చిన్నది ముత్యాలు. ముత్యాలు పాలు మరవకముందే వాళ్ళమ్మ పోయింది. అందుకని దానికి అక్కా నూకాలే, అమ్మా నూకాలే. తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం, ఉరుముకి భయపడితే వీపు నిమరడం, అన్నీ తనే. ఊఁ కొడుతున్నావా? మన బండి ఇల్లు చేరేదాకా కొట్టాలి మరి, లేకపోతే కథ ఆగిపోద్ది.

అప్పుడు నూకాలుకి పెళ్ళి కుదిరింది. ఏటికి అవతల, చాలా దూరంలో ఒక మెట్ట ఊరు. అత్తవారింటికి వెళ్ళేముందు, నూకాలు వాళ్ళ బొల్లిపెట్ట కింద గుడ్లు పొదగేసి, చెల్లెల్ని పక్కన కూచోబెట్టుకుంది.

"వీటిని చూసుకోవే. ఈ పిల్లలు పెద్దయి గుడ్లు పెట్టే వేళకి నేనొస్తాను" అంది.

ఆ తర్వాత పడవెక్కి వెళ్ళిపోయింది. ముత్యాలు పడవ చుక్కంత అయ్యేదాకా చూసి, ఇంటికొచ్చి పొదుగుతున్న కోడి పక్కన కూచుంది.

కొన్నాళ్ళకి గుడ్లు చిట్లి పిల్లలు బయటికొచ్చాయి. పసుపు ముద్దల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో. ముత్యాలు మనసులో ఒకటే అనుకుంది. పిల్లలు పెరిగితే అక్కొస్తుంది, పెరగకపోతే రాదు. అక్క అలా అనలేదు. కానీ చిన్నపిల్ల కదమ్మా, దానికి అలాగే అర్థమయింది.

ఒక పొద్దున పెరట్లో ఒక నీడ జర్రున జారింది. బొల్లిపెట్ట గొంతు మార్చి అరిచింది. పిల్లలన్నీ పరిగెత్తి దాని రెక్కల కింద దూరాయి. ఒకటి మాత్రం ఏదో పురుగు దొరికిందని ఆగిపోయింది. గద్ద దిగింది, లేచింది, అంతే. చిన్న ఈక ఒకటి గాల్లో తిరిగి తిరిగి నేల మీద పడింది.

ముత్యాలు ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పుడు ఏం చేసిందీ, కర్రలకి నాన్న పాత చొక్కా తొడిగి, పైన మసికుండ బోర్లించి, పెరటి మధ్యన మనిషిలా నిలబెట్టింది. గద్ద కొన్నాళ్ళు దూరదూరంగా తిరిగింది. ఆ తర్వాత ఆ మనిషి కదలడని తెలుసుకుంది. ఒకనాడు ఆ కుండ మీదే వాలి, పెరడంతా తీరిగ్గా చూసి, ఇంకో పిల్లని ఎత్తుకుపోయింది.

అప్పుడు ముత్యాలు పిల్లలన్నిటినీ గంప కింద మూసి, పైన రాయి పెట్టింది. గద్ద రాలేదు. కానీ పిల్లలకి ఎండ లేదు, మట్టి గీరుకోవడం లేదు. రెక్కలు వాల్చేసి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. తల్లికోడి గంప చుట్టూ తిరుగుతూ పిలుస్తుంటే, లోపల్నించి అవి కియ్యి కియ్యిమంటున్నాయి. ముత్యాలు చెవులు మూసుకుంది. చెవులు మూసుకున్నా వినిపించింది. చివరికి తనే రాయి తీసేసి, గంప ఎత్తేసింది.

పక్కింటి సన్యాసమ్మ గోడ మీంచి ఇదంతా చూస్తోంది.

"గద్ద దిగాలంటే రెక్కలు చాపుకునే చోటుండాలి బిడ్డా" అంది. "ఆ చోటు లేకుండా చెయ్యి. చూరు నుంచి మునగచెట్టుకి అడ్డదిడ్డంగా తాళ్ళు కట్టి, గుడ్డపీలికలు వేలాడదియ్యి. గాలికి అవి ఊగుతుంటే దానికి దారి దొరకదు. మూలన ఇంత ముళ్ళకంప పడెయ్యి. కాకులొస్తే పిల్లలు అందులో దూరతాయి."

ముత్యాలు కంప తెచ్చింది, తాళ్ళు నాన్న ఇచ్చాడు. మరి గుడ్డలో? ఆ ఇంట్లో చింపడానికి ఉన్నది ఒక్కటే, నూకాలు వదిలి వెళ్ళిన ఎర్ర నేతచీర. ముత్యాలు రోజూ దాన్ని మడిచి తలకింద పెట్టుకునేది. అందులో పొయ్యి పొగ వాసన, ఆముదం వాసన, అక్క వాసన.

"దాన్ని చింపకే, సంత నాడు ఏవన్నా గుడ్డలు తెస్తాను" అన్నాడు గవరయ్య.

సంత ఇంకా దూరముంది. గద్ద అప్పుడే ఏటి వైపు నుంచి వస్తోంది. ముత్యాలు చీరలో ముఖం పెట్టుకుని కాసేపు కూచుంది. ఆ తర్వాత అంచు పళ్ళతో కొరికి, బర్రున చింపింది. ఒక్క పీలిక తనకి దాచుకుందామనుకుంది. కానీ కోళ్ళగూటి పైన మూల ఇంకా బోసిగా కనిపించింది. దాన్నీ అక్కడే కట్టేసింది.

గద్ద వచ్చింది. పైన గుండ్రంగా తిరిగింది, సగం దాకా దిగింది, మళ్ళీ లేచిపోయింది. కింద పిల్లలు మట్టి గీరుకుంటూనే ఉన్నాయి. ముత్యాలు వాటిని చూసి నవ్వింది. పడుకునే వేళకి మాత్రం చెయ్యి తలకింద పెట్టుకుని, గోడవైపు తిరిగిపోయింది.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. ఏరు నిండి పడవ ఆగింది. పిల్లలు పెద్దయ్యాయి, ఒక పెట్ట మొదటి గుడ్డు పెట్టింది. కోడిపిల్లలు మాట నిలబెట్టుకున్నాయి, అక్క రాలేదు. ముత్యాలు రోజూ రేవుకెళ్ళి, ఎర్రనీళ్ళు చూసి తిరిగొచ్చేది.

ఏరు తగ్గాక ఒక మధ్యాహ్నం నూకాలు వచ్చింది. సంతకొచ్చే అత్తవారి ఊరివాళ్ళతో వచ్చింది, సాయంత్రం పడవకి వాళ్ళతోనే వెళ్ళిపోవాలి. చిక్కిపోయింది. ఎండకీ వానకీ తెల్లబడ్డ ఆ పీలికల కిందనుంచే నడిచొచ్చింది, గుర్తుపట్టలేదు. ముత్యాలూ చెప్పలేదు.

నూకాలు మంచినీళ్ళు తాగింది, కోళ్ళని చూసింది, అరుగు మీద కూచుంది. "కాసేపు ఒరుగుతానే" అని చెల్లెలి ఒళ్ళో తల పెట్టింది. అంతే, నిద్రపోయింది. అత్తవారింట్లో అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత పడుకునే కోడలు కదమ్మా, ఎన్నాళ్ళ నిద్రో అది.

ముత్యాలుకి చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి. గద్ద సంగతి, ఏటి సంగతి, జడ తనే వేసుకోవడం నేర్చుకున్న సంగతి. ఒక్కటీ చెప్పలేదు. ఈగ వాలకుండా విసిరింది. కొక్కొక్కోమంటూ ఒక పెట్ట అరుగెక్కబోతే చెయ్యి ఊపి పంపేసింది. ఒక కాలు తిమ్మిరెక్కింది. కదల్లేదు.

పొద్దు వాలింది. గవరయ్య బండి కట్టి, "నూకాలూ, పడవ వేళయిందమ్మా" అన్నాడు.

నూకాలు ఉలిక్కిపడి లేచింది. "నన్ను లేపొద్దా? నీతో నాలుగు మాటలన్నా మాట్లాడలేదే."

"నువ్వు పడుకున్నావుగా, నేను చూస్తూ కూచున్నాను" అంది ముత్యాలు.

నూకాలు చెల్లెలి చెంపకి చెంప ఆనించి, కొంగుతో ఇద్దరి కళ్ళూ తుడిచింది. అప్పుడు బండి కదిలింది. వెనకాల వెళ్దామంటే కాలు తిమ్మిరికి ముత్యాలు లేవలేకపోయింది. అక్క తల పెట్టిన చోట ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద రెండు చేతులూ కప్పుకుని, అది చల్లారేదాకా అక్కడే కూచుంది.

ఊఁ కొట్టడం ఆపేశావేమే? పడుకున్నావా తల్లీ? పడుకో, నేను లేపనులే.

కథేమో కంచి దారి పట్టె,
కోడేమో గూటి దారి పట్టె,
మన బండి ఇంటి దారి పట్టె,
నీ కన్ను నిద్ర దారి పట్టె.