పూల తెర వెనక సభ్యురాలు

ప్రశ్న పట్టుకొచ్చిన వాళ్ళకి సన్యాసయ్య మాస్టారు మంచినీళ్ళిచ్చేవారు, జవాబు మాత్రం ఇచ్చేవారు కాదు. ఆయన దగ్గర చదువుకుని, కొత్తగా మండల పరిషత్తుకు ఎన్నికైన నీలవేణి ఆ సంగతి తెలిసే వచ్చింది.

"పరిషత్తులో పెద్దలంతా ఏడాదిపాటు ఊరికే కూర్చుని నేర్చుకో తల్లీ అంటున్నారు మాస్టారూ. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇంత మర్యాదగా నోరు మూయిస్తుంటే ఏం చెయ్యను?"

ఆమె నీళ్ళు తాగేదాకా ఆగి, మాస్టారు ఇలా ఒక కథ చెప్పారు.

శాసనసభల్లోకి ఆడవాళ్ళు అప్పుడప్పుడే అడుగుపెడుతున్న రోజులు. ఒక సభకి నాంచారమ్మ అనే ఆవిడ గెలిచి వచ్చింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఒక్క ఆడకూతురు కదా అని పెద్దలు ఆమె కుర్చీ ముందు పూల తెర కట్టించారు. ఆ సభలో ఒక ఆనవాయితీ ఉంది: మాట్లాడదలచిన వాళ్ళు లేచి నిలబడాలి, అధ్యక్షుడి చూపు ఎవరి మీద పడితే వారిదే మాట.

తాలూకా ఆసుపత్రిలో కాన్పుల గది మూసేద్దామని తీర్మానం వచ్చింది. అది నాంచారమ్మ తాలూకా. ఆమె లేచి నిలబడింది. అధ్యక్షుడు అటు చూశాడు, తెర మీది పువ్వులు కనబడ్డాయి, ఇంకొకరిని పిలిచాడు. ఆమె కూర్చోలేదు. పిలిచిన వాళ్ళంతా మాట్లాడేశారు. ఇక ఓటింగే, మూయాలన్న వాళ్ళు లేచి నిలబడాలి అన్నారు.

అప్పుడు నేల మీద బరబరమని చప్పుడయింది. నాంచారమ్మ తన కుర్చీని తానే ఈడ్చుకుంటూ తెర ఇవతలికి వచ్చింది.

"అయ్యో, మీ గౌరవం కోసమే కదమ్మా తెర కట్టించాం!" అన్నాడు పక్కనున్న జమీందారు.

"అంత గౌరవంగా ఉంటే వెనక్కి తమరే వెళ్ళి కూర్చోండి బాబుగారూ. చల్లగా ఉంటుంది."

సభ గొల్లుమంది. "ఈవిడింట్లో మగాళ్ళు లేరా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఉన్నారు. పిల్లల్ని ఆడిస్తున్నారు," అంది నాంచారమ్మ, అటు తిరక్కుండానే.

అధ్యక్షుడు బల్ల చరిచాడు. "స్వస్థానానికి వెళ్ళండి."

"మాట ఇప్పించండి, వెళ్ళే సంగతి తర్వాత చూద్దాం."

ఇప్పుడాయనకి చూపు తిప్పుకోవడానికి చోటు లేదు. పిలిచాడు.

"ఆ గది మూస్తే మా ఆడవాళ్ళు కాన్పుకి ఏరు దాటి పోవాలి," అంది నాంచారమ్మ. "ఏరు పొంగితే పడవ ఆగుతుంది. బిడ్డ ఆగుతుందా? ఆగుతుందన్నవాళ్ళు మూయడానికి ఓటెయ్యండి. ఎవరు లేస్తారో ఇక్కణ్ణించి నాకు బాగా కనిపిస్తోంది."

మాస్టారు అక్కడితో ఊరుకున్నారు. నీలవేణి ఉండబట్టలేకపోయింది.

"గది నిలిచిందా మాస్టారూ?"

"ఆ ఏడాదికి నిలిచిందమ్మా. పై ఏడు మళ్ళీ మూస్తామన్నారు. అప్పటికి ఆవిడ కుర్చీ ముందు వరసలోకి వచ్చేసింది."