ఉత్తర ద్వారం బయట అన్న మాట

ఒక్క క్షణం ఆగండి. చేతిలో ఏ పని ఉన్నా పక్కన పెట్టి, కూర్చుని వినండి. దేవేంద్రుడి స్వర్గద్వారం మూడేళ్లపాటు మూతపడకుండా బార్లా తెరుచుకుని ఉండిపోయిన కథ ఇది. వజ్రాయుధం చేతిలో ఉన్నవాడికే సాధ్యం కాని, ఆ ద్వారం మూసే పని భూలోకంలో ఒక ద్వారపాలకుడి వల్లా, అతని భార్య వల్లా ఎలా అయిందో చెబుతాను.

పూర్వం, త్రేతాయుగం ఇంకా లేతగా ఉన్న రోజుల్లో, శోణానదీ తీరాన వెలసిన శోణావతీ నగరాన్ని ప్రజావత్సలుడైన పుష్కరాక్ష మహారాజు పాలిస్తూ ఉండగా, బ్రహ్మదేవుడు ఇచ్చిన వరాలతో కళ్లు నెత్తికెక్కిన కరాళదంష్ట్రుడనే రాక్షసుడు నేల కనిపించనంత సైన్యాన్ని వెంటేసుకుని వచ్చి, నగరాన్ని నాలుగు వైపులా చుట్టుముట్టి, నదికి వెళ్లే దారులన్నీ కట్టేసి, రోజుకో బురుజు కూలుస్తూ కూర్చున్నాడు.

ఆ నగరపు ఉత్తర ద్వారాన్ని కాసేవాడు స్థిరబాహుడు, పేరుకు తగ్గట్టే మద్దిమానుల్లాంటి చేతులున్న మహావీరుడు. అతని భార్య సువ్రత. సువ్రత అన్నగారు నీలకేతుడు, శత్రువుల గుండెల్లో నిద్రపోయే ఖడ్గధారి. ఈ బావామరుదులిద్దరూ చిన్నప్పుడు ఒకే గురువు దగ్గర విద్య నేర్చుకుని, ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్లు.

ఒకరోజు నీలకేతుడు పదహారుమందిని వెంటబెట్టుకుని, రాక్షసులు గోడలెక్కడానికి సిద్ధం చేసుకున్న నిచ్చెనల్ని తగలబెట్టడానికి ఉత్తర ద్వారం దాటి వెళుతూ, "బావా, మేం వచ్చేసరికి తలుపు దగ్గరే ఉండు. కునుకు తీశావంటే, చెల్లెలితో చెప్పి వారం రోజులు అన్నం పెట్టనివ్వను" అని నవ్వి వెళ్లాడు.

నిచ్చెనలు తగలబడ్డాయి. పదిహేడుగురూ వెనక్కి పరుగెత్తుకొస్తుంటే, వాళ్ల వెనక నూరడుగుల దూరంలో రాక్షసుల గుర్రపుదండు ధూళి లేపుకుంటూ వస్తోంది. తలుపు తెరిచి ఉంచితే ఆ పదిహేడుగురితో పాటు ఆ దండూ లోపలికి వస్తుంది. తలుపు వెనక వీధిలోనేమో, కూలిపోయిన పేటల నుంచి వచ్చి తలదాచుకున్న తల్లులూ పసిపిల్లలూ ఉన్నారు. స్థిరబాహుడు తలుపు మూసి గడియ వేశాడు. నీలకేతుడు తలుపు దాకా వచ్చి ఒక మాట అన్నాడు. చెక్కకి చెవి ఆనించి నిలబడ్డ స్థిరబాహుడికి ఒక్కడికే ఆ మాట వినబడింది. తర్వాత ఇంకేం వినబడలేదు.

ఆ సాయంత్రమే శరవణభవుడు, దేవసేనాని కుమారస్వామి, మయూరవాహనం మీద దిగివచ్చి శక్త్యాయుధంతో కరాళదంష్ట్రుణ్ణి రెండుగా చీల్చాడు. నగరం బతికింది. మహారాజు కళ్లనీళ్లతో స్థిరబాహుణ్ణి కౌగిలించుకుని, 'నగరకవాట' అనే బిరుదునిచ్చి, ఏడు పెద్ద వాకిళ్లున్న మేడ కట్టించి ఇచ్చాడు. వందిమాగధులు పాట కట్టారు. నీలకేతుడు తలుపు దగ్గరికొచ్చి పకపకా నవ్వి, 'మూసెయ్ బావా, మా సంగతి మేం చూసుకుంటాం' అన్నాడని ఆ పాటలో ఉంటుంది.

స్థిరబాహుడు ఆ మేడకి వచ్చిన రోజున సువ్రత గడప లోపల నిలబడి ఒక్కటే అడిగింది.

"పాటలో చెప్పినట్టే అన్నాడా అన్నయ్య?"

అతను కాలు గడప మీదికి ఎత్తబోయాడు, లేవలేదు. నూరుమంది ఏనుగుల్లాంటి యోధుల్ని ఎదిరించిన ఆ కాలు జానెడు గడప దాటలేకపోయింది. ఆ రోజు నుంచి ఏ ఇంటి గడపా, ఏ గుడి గడపా దాటి లోపలికి వెళ్లలేక, ఏడు వాకిళ్ల మేడని ఎదురుగా పెట్టుకుని, గుర్రాలు నీళ్లు తాగే తొట్టి పక్కన బతికాడు.

సువ్రత రోజూ గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తను లోపల కూర్చుని అతనికి బయట విస్తరి వేసేది.

"పప్పులో ఉప్పు ఎక్కువైందా?"

"లేదు."

"ఎక్కువైంది. కావాలనే వేశాను, ఏదో ఒకటి అంటారేమోనని."

అతను తలవంచుకుని తినేవాడు.

ఇంతకంటే వింత ఇంకొకటి జరిగింది. ఆ యుద్ధం ముగిసిన రోజు నుంచి శోణావతి మీద ఉత్తరాకాశం చీకటిపడటం మానేసింది. సూర్యుడు అస్తమించినా అక్కడ తలుపు సందులోంచి వచ్చే దీపకాంతిలా ఒక తెల్లని వెలుగు కారుతూనే ఉండేది. పక్షులు గూళ్లకి చేరేవి కావు. కొలనుల్లో పద్మాలు ముడుచుకోవడం మరిచిపోయి రేకులు రాలిపోయేవి. నిద్రపట్టక పసిపిల్లలు ఏడ్చేవాళ్లు. మహారాజు చేయించిన యజ్ఞాలకి లెక్కలేదు, ఆ వెలుగు మాత్రం తగ్గలేదు.

అలా మూడేళ్లు గడిచాక ఒకనాడు, వాగ్దేవీ ఉపాసకుడు, త్రిలోకసంచారి అయిన మందస్వన మహర్షి ఆ వెలుగు వెంటే నడుచుకుంటూ వచ్చి, రాజమందిరానికి వెళ్లకుండా తిన్నగా గుర్రాల తొట్టి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆయన ఎడమ ముంజేతి మీద వింటినారి కొట్టి కొట్టి గట్టిపడిన మచ్చ చూసి స్థిరబాహుడు లేచి నిలబడ్డాడు.

"కూర్చో నాయనా. నేనూ ఒకప్పుడు విల్లు పట్టినవాణ్ణే. అమరావతి నుంచి వస్తున్నాను. నీ బావమరిది కనిపించాడు."

స్థిరబాహుడు మళ్లీ తొట్టి పక్కన కూర్చున్నాడు.

"వీరమరణం పొందినవాళ్లు లోపలికి రాగానే స్వర్గద్వారం దానంతటదే మూసుకుంటుంది. ఈ పదిహేడుగురు ద్వారం దాకా వచ్చి ఆగిపోయారు. సహస్రాక్షుడు దేవేంద్రుడు స్వయంగా ఎదురొచ్చి మందారమాలలు పట్టుకుని పిలిచాడు. నీలకేతుడు ఏమన్నాడో తెలుసా? 'స్వామీ, నేను మా ఊరి తలుపు దగ్గర ఒక మాట అన్నాను. విన్నవాడు ఒక్కడే, వాడు దాన్ని మింగేసి కూర్చున్నాడు. ఆ మాట మా ఇంటికి చేరేదాకా నేను మీ ఇంట్లోకి రాను' అన్నాడు. మిగతా పదహారుమందీ వాడితోపాటే చేతులు కట్టుకుని నిలబడ్డారు. మీకు నిద్రపట్టనివ్వని వెలుగు ఆ తెరిచిన తలుపుదే."

స్థిరబాహుడు ఉత్తరాకాశం వైపు చూసి అన్నాడు. "ఆ మాట నేను బయటపెడితే వాడు వీరుడు కాకుండా పోతాడు స్వామీ. పాటలో ఉన్నట్టు వాడు అనలేదు."

"వాడు వీరుడో కాదో తేల్చాల్సింది స్వర్గమా, నువ్వా?"

మర్నాడు మహర్షి యుద్ధం నుంచి బతికొచ్చిన యోధులందర్నీ ఉత్తర ద్వారం దగ్గర పోగుచేసి, ఒక్కొక్కరికీ తాటాకుల కట్టా గంటమూ ఇచ్చి, "మీరు చూసింది చూసినట్టు రాయండి. తర్వాత దాన్ని ఇక్కడే ఆడదాం. ఒక్కటే నియమం, ఎవడి వేషం వాడు వెయ్యకూడదు. మీ మనసులోంచి పోనివాడు ఎవడో వాడి వేషం వెయ్యండి. మీ వేషం ఇంకొకరు వేస్తారు" అన్నాడు.

కత్తి పట్టిన చేతులకి గంటం పట్టడం రాలేదు. ఆకులు చిరిగాయి, వేళ్లు తెగాయి. అయినా మూడేళ్లుగా పెళ్లాంబిడ్డలతో మాట్లాడనివాళ్లు కూడా తలలు వంచి రాస్తూ రాస్తూ, పక్కవాడి ఆకులోకి తొంగిచూసి, "ఒరేయ్, నువ్వూ అది చూశావా? నేనొక్కణ్ణే చూశాననుకుంటున్నా" అని ఆగిపోయేవాళ్లు. గజదళంలో ఒక కాలు పోగొట్టుకున్న తుంబకుడు కరాళదంష్ట్రుడి వేషం వేస్తానని ముందుకొచ్చి, వెదురు కోరలు కట్టుకుని, ఊతకర్ర మీద కుంటుతూ వచ్చాడు.

"కుంటి రాక్షసుణ్ణి ఎవడు చూశాడ్రా?" అన్నాడొకడు.

"నా కాలు తిన్నది వాడే కదా, అరక్క కుంటుతున్నాడని చెప్పు" అన్నాడు తుంబకుడు. మూడేళ్ల తర్వాత ఆ ద్వారం దగ్గర నవ్వు వినబడటం అదే మొదలు.

స్థిరబాహుడూ రాశాడు. అన్నీ రాసి, ఒక్క ఆకు ఖాళీగా ఉంచి, కట్ట కట్టి ఇచ్చాడు.

"ఇదేంటి, ఇందులో ఏమీ లేదు?" అన్నాడు మహర్షి.

"అక్కడ ఏమీ జరగలేదు స్వామీ."

మహర్షి ఆ ఆకుని తీసెయ్యకుండా, కట్టలో దాని చోట దాన్ని అలాగే ఉంచాడు.

వేషాలు పంచే రోజున స్థిరబాహుడు నీలకేతుడి వేషం అడిగాడు. మరి ద్వారపాలకుడెవరు? యోధులంతా నేలచూపులు చూశారు. "ఏదైనా వేస్తాం కానీ ఆ గడియ పట్టుకోవడం మా వల్ల కాదు స్వామీ" అన్నాడు తుంబకుడు.

భర్తకి అన్నం తెచ్చి వెనక కూర్చున్న సువ్రత లేచింది. "నేను పట్టుకుంటాను."

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా" అని ఎవరో గొణిగారు.

"మూడేళ్ల నుంచి గడపకి ఇవతల కూర్చున్నది నేనే కదా బాబాయ్" అంది సువ్రత.

ఆటరోజు సాయంత్రం మహారాజుతో సహా నగరమంతా వచ్చి తలుపు లోపలి వీధిలో కిటకిటలాడుతూ కూర్చుంది, ముందు వరసలో ఆనాడు ప్రాణాలు దక్కిన పిల్లలు కూర్చున్నారు. లోపలికి వెళ్లే గడపే అతని కాలికి అడ్డం కాబట్టి, స్థిరబాహుడూ పదహారుమంది వేషగాళ్లూ బయటికి వెళ్లారు. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. మూడేళ్లుగా కలలో వినబడుతున్న ఆ చప్పుడు బయటి నుంచి వింటే ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది. తలుపు బయటి ముఖాన్ని కూడా ఆ యుద్ధం తర్వాత అతను ఎప్పుడూ చూడలేదు. ఛాతీ ఎత్తున చెక్క మీద కత్తిపిడితో బాదిన నొక్కులు ఉన్నాయి. తన చెయ్యి ఎత్తి చూసుకుంటే సరిగ్గా అక్కడికే వచ్చింది.

వెనక నుంచి తుంబకుడి దండు డప్పులు మోగిస్తూ వస్తోంది. స్థిరబాహుడు ఆ నొక్కుల మీదే పిడికిలితో కొట్టాడు. ఇప్పుడు ఖాళీ ఆకు వంతు వచ్చింది. డప్పులు ఆగాయి. పదహారుమందీ అతనివైపే చూస్తున్నారు. నగరమంతా చెవి ఒగ్గింది. అతను నుదురు తలుపుకి ఆనించి, మూడేళ్లు గొంతులో అడ్డంపడిన మాటని నీలకేతుడి గొంతుతో అన్నాడు.

"గడియ తియ్యి బావా. భయంగా ఉంది. నన్ను లోపలికి రానీ బావా."

నవ్వుతూ చచ్చిపోయిన వీరుడి పాట అక్కడికక్కడే తెగిపోయింది. అన్న నోట ఎన్నడూ వినని ఆ మాట సువ్రత చెవిన పడింది.

తలుపు అవతల గడియ కిర్రుమంది. అది జరుగుతోంది. మద్దికర్ర ఇనుప కొక్కేన్ని ఒరుసుకుంటూ జానెడు జరిగి, ఆగిపోయి, ఎంతోసేపు అలాగే ఉండి, మళ్లీ అంతే మెల్లగా వెనక్కి వెళ్లి తన చోట పడింది. ఆ క్షణంలో ముందు వరసలోని పిల్లల ముఖాలు చూశానని సువ్రత తర్వాత అతనికి చెప్పింది. కానీ అప్పుడు తలుపు సందులోంచి, ఏ ఆకు మీదా రాయని మాట ఒకటి వచ్చింది.

"తియ్యలేను అన్నయ్యా. ఇక్కడే ఉన్నాను. నువ్వు కొట్టినంతసేపూ ఇక్కడే ఉంటాను, ఎక్కడికీ పోను."

స్థిరబాహుడు తలుపు చెక్కకి చెవి ఆనించాడు. ఆనాడు తను అనాల్సిన మాట అది. చెవి ఆనించి నిలబడ్డాడే తప్ప, ఉన్నానని చెప్పలేదు. ఇప్పుడు ఆ మాట బయటివాడికి ఎలా వినబడుతుందో బయట నిలబడి విన్నాడు. నీలకేతుడి వేషంలోనే, నీలకేతుడి గొంతుతోనే, అతను "సరే చెల్లీ" అన్నాడు.

ఆ మాటతో ఉత్తరాకాశం ఒక్కసారి కదిలింది. మబ్బులు రెండుగా విడిపోయి, ఆ వెలుగు నడిమధ్య పదిహేడుమంది పురుషులు, ఒంటి మీద గాయాలన్నీ నక్షత్రాల్లా మెరుస్తుండగా వెనక్కి తిరిగి నిలబడి కనిపించారు. అందరికంటే ముందున్నవాడు చెయ్యి ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరే లోపలికి నడిచారు, చివరివాడు దాటగానే స్వర్గద్వారం మూసుకున్న ధ్వని కొండల మీదుగా, నది మీదుగా, మనుషుల ఎముకల్లోంచి సాగిపోయింది. మూడేళ్ల తర్వాత శోణావతి మీద చీకటిపడింది. పక్షులు కిలకిలమంటూ గూళ్లకి మళ్లాయి. కొలనుల్లో పద్మాలు ముడుచుకున్నాయి. ఏడ్చీ ఏడ్చీ అలసిన పసివాళ్లు తల్లుల భుజాల మీదే నిద్రపోయారు.

ఆ చీకట్లో ద్వారతోరణం మీద శ్వేతపద్మాసన, కచ్ఛపీవీణాధారిణి, చతుర్ముఖుని రాణి సరస్వతీదేవి సాక్షాత్కరించింది. మహారాజు సాష్టాంగపడ్డాడు. ఆమె మాత్రం తలుపు వైపు చూసి, "అమ్మాయీ, యుద్ధం అయిపోయింది. ఇప్పుడు తియ్యి" అంది.

సువ్రత గడియ లాగింది. ఆ పెద్ద తలుపు తెరుచుకుంది.

"నాయనా స్థిరబాహూ, నువ్వు దాచిన మాటని దాచకుండా అన్నావు. వరం కోరుకో" అంది వాగ్దేవి.

"తల్లీ, నాకు అక్కర్లేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ప్రతివాడికీ వినేవాణ్ణి ఒకణ్ణి ఇవ్వు."

"తథాస్తు. యుద్ధం చూసినవాడు తను చూసింది ఎక్కడ రాస్తాడో, ఇంకొకడు వాడి చోట నిలబడి వాడి మాట ఎక్కడ పలుకుతాడో, అక్కడ నేను ఉంటాను. అక్కడ తలచుకున్న ఏ మృతుడూ ఏ తలుపు బయటా ఎదురుచూడడు" అని పలికి వాగ్దేవి వీణానాదంలో కలిసిపోయింది.

స్థిరబాహుడు ఉత్తర ద్వారం గడప దాటాడు. వీధి దాటి, ఏడు వాకిళ్లూ దాటి, భార్య వెనకే వంటింటి దాకా వెళ్లి పీట మీద కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఒక ముద్ద తిని తలెత్తాడు.

"ఉప్పు ఎక్కువైంది" అన్నాడు.

సువ్రత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

అప్పటి నుంచి శోణావతిలో ఏటా ఆ ఆట ఆడుతూ వచ్చారు. మందస్వన మహర్షి అన్ని వేషాలకీ మాటలు రాయించాడు కానీ, ద్వారపాలకుడి చేతికిచ్చే ఆకుని మాత్రం ఖాళీగానే ఉంచాడు. ఆ వేషం ప్రతిసారీ చూడటానికి వచ్చినవాళ్లలో ఒకరికి దక్కుతుంది. గడియ జరిపినవాళ్లున్నారు, జరపనివాళ్లున్నారు, చెయ్యి వేసి ఆట అయ్యేదాకా ఏడ్చినవాళ్లున్నారు. ఎవరినీ ఎవరూ తప్పుపట్టలేదు.

ఇప్పుడు ఆ ఖాళీ ఆకు మీ చేతికొచ్చింది. వెనక పసిపిల్లలున్నారు. బయట మీ సొంతవాడు తలుపు కొడుతూ భయంగా ఉందంటున్నాడు. గడియ మీద చెయ్యి మీదే. మీరైతే ఏం చేస్తారు?