టింగరయ్యను కాల్చిన రాజకుమారుడు

అనగనగా ఒక రాజు. రాజుకు ఒక కోట, కోట చుట్టూ కందకం, కందకం నిండా తామరలు. అందుకే ఆ ఊరిని తామరకోట అనేవారు. రాజు పేరు కీర్తిధ్వజుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఈ కథ మూడోవాడిది, వాడి పేరు హేమాంగదుడు. చెప్పాలంటే నాకే కాస్త సిగ్గుగా ఉంది. కథలో వీరుడన్నవాడు మొదటే మంచి పని చేయాలి కదా! వీడు చేయలేదు. ఏం చేశాడో వినండి.

తామరకోటలో పంటలు ఇంటికొచ్చాక ఏటా మూడు రోజులు బొమ్మల పండుగ. ఆ మూడు రోజులూ ఆడించేవాళ్ళు వేరు, చూసేవాళ్ళు వేరు అని లేదు. పెద్దలు మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, ఉలితో చిల్లులు పొడిచి బొమ్మలు చేసేవారు. పిల్లలు తాటాకులతో చేసుకునేవారు. దీపాలు పెట్టే వేళకు కోట ముందు తెల్లటి తెర కట్టి, వెనక ఆముదం దీపాలు వెలిగించేవారు. ఇంటికొకరు వచ్చి తమ బొమ్మను ఆడించి పోయేవారు. రాజూ కుమ్మరీ ఒకే చాప మీద కూర్చుని చూసేవారు.

అందరి బొమ్మలూ అయ్యాక టింగరయ్య వచ్చేవాడు. టింగరయ్య అంటే బానపొట్ట, పిలక, ఊగే దవడ ఉన్న హాస్యపు బొమ్మ. వాడు ఎవర్ని ఏమన్నా చెల్లుతుంది. ఎవరు ఏడాదంతా ఏం దాచుకున్నారో గుట్టు విప్పేస్తాడు. దానికి ఒకటే కట్టుబాటు: బొమ్మ అన్న మాటకు మనిషి కోపం తెచ్చుకోకూడదు. ఎవరైనా కోపంతో తెర చింపితే, ఆ చిరుగులోంచి ఏడు సముద్రాల అవతల ఉండే కాకదంతుడనే మాంత్రికుడు ఊడిపడతాడని పెద్దలు చెప్పేవారు. ఎవరూ చింపలేదు కనుక వాణ్ణి ఎవరూ చూడలేదు.

ఆ ఏడు టింగరయ్యను ఆడించింది సింగారి. ఆమె తండ్రి కొమరయ్య రాజకుమారుల వెంట వేటకు బల్లేలు మోసుకెళ్ళేవాడు.

మొదటి రోజు టింగరయ్య పెద్ద రాజకుమారుణ్ణి పట్టుకున్నాడు. "పెద్దబాబుగారు పులి నోట్లో చెయ్యి పెడతారు గానీ, దీపం ఆర్పితే మాత్రం దాదిని కేకేస్తారు!" అన్నాడు. ఊరంతా నవ్వింది. పెద్దవాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

రెండో రోజు రెండోవాడి వంతు. "కోటలో ఊరగాయల గదిలో ఎలుక పడిందట! ఎలుకకు మీసాలుంటే ఉండనీ, వేలికి ఉంగరమెందుకమ్మా?" అన్నాడు టింగరయ్య. రెండోవాడు ఉంగరం ఉన్న చెయ్యే పైకెత్తి చూపించి మరీ నవ్వాడు.

మూడో రోజు హేమాంగదుడు ముందు వరసలో కూర్చున్నాడు. నడుముకు వెండి పువ్వులు కుట్టిన తోలుపట్టా ఉంది. నెల కిందట అడవిపందిని ఒంటరిగా చంపాడని తండ్రి బహూకరించిన పట్టా అది.

టింగరయ్య తెర మీదికి వచ్చాడు. "పందిని చంపిన వీరులు వచ్చారా? బల్లెం ఎక్కణ్ణించి విసిరారు బాబూ, చెట్టు పైనుంచా? చెట్టు పందెక్కిందా, తమరెక్కారా? కింద ఒంటరిగా మిగిలిన మనిషి, కాలు చీలిపోతున్నా పందిని పొడిచాడే, అతనికేం కట్టారు బాబూ? నడుముకు పట్టా కట్టారా, నోటికి గుడ్డ కట్టారా?"

ముందు పిల్లలు నవ్వారు. తరవాత పెద్దలు నవ్వారు. చివరికి రాజుగారూ నవ్వారు. ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. అదే హేమాంగదుణ్ణి ముల్లులా పొడిచింది. లేచాడు. రెండు చేతులా తెర చింపేశాడు. టింగరయ్యను లాక్కుని దీపంలోకి విసిరేశాడు. తోలు చిటచిటమని ముడుచుకుపోయింది. కాలిన తోలు వాసన ఊరంతటి ముక్కుకూ తగిలింది.

చిరుగులోంచి ముందు ఒక పంజరం వచ్చింది, అందులో చిలుక. పంజరం వెనక చెయ్యి, చెయ్యి వెనక కాకదంతుడు. వాడు హేమాంగదుడి తల నిమిరి, "చల్లగా ఉండు నాయనా! నీలాంటివాడి కోసమే మూడొందలేళ్ళుగా కాచుకున్నాను" అని దీవించాడు. ఊళ్ళోని బొమ్మలన్నీ, పిల్లల తాటాకు బొమ్మలతో సహా, సంచిలో వేసుకున్నాడు. అడ్డం వచ్చిన సింగారిని తన మంత్రపు కర్రతో తాకాడు. ఆమె తోలుబొమ్మ అయిపోయింది. ఆ బొమ్మను చంకలో పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు. మరుక్షణం అది మామూలు చిరుగు, అవతల మామూలు గోడ.

హేమాంగదుణ్ణి ఎవరూ తిట్టలేదు. అదే వాడి ప్రాణానికొచ్చింది. తండ్రి మొహం తిప్పుకున్నాడు. బొమ్మలు పోయిన పిల్లలు వెక్కి వెక్కి ఏడ్చారు. కొమరయ్య చేతికర్ర ఆనించుకుంటూ కుంటుతూ వచ్చి నిలబడ్డాడు.

"బాబుగారూ, మీరు చెప్పొద్దన్న మాట నేను ఇంట్లో కూడా అనలేదండి. పిల్లే నా కాలికి కట్టు కడుతూ గాయం చూసి, నేను నిద్రలో 'దిగండి బాబూ' అని కలవరిస్తే విని పోల్చుకుంది. నేను మాట తప్పానని మాత్రం అనుకోకండి" అన్నాడు.

కూతురు పోయిన మనిషి తనకే సంజాయిషీ చెప్పుకుంటుంటే హేమాంగదుడికి తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. కానీ భూమి మనం అడిగినప్పుడల్లా చీలదు కదా పిల్లలూ!

"మేం వెళతాం" అన్నారు అన్నలిద్దరూ.

"చేటు తెచ్చింది నేను. సింగారిని తేలేకపోతే ఈ ఊరికి నా మొహం చూపించను" అని హేమాంగదుడు బయలుదేరాడు.

నడిచి నడిచి సముద్రం ఒడ్డుకు చేరాడు. అక్కడ అరుగంత తాబేలు ఎండ కాగుతోంది.

"ఏడు సముద్రాలూ దాటిస్తాను, ఎక్కు. కానీ అబద్ధాన్ని మాత్రం మోయలేను, మహా బరువు. ఎందుకు వెళుతున్నావో చెప్పు" అంది.

హేమాంగదుడు ఎక్కి కూర్చుని, "దుర్మార్గుడైన మాంత్రికుణ్ణి శిక్షించడానికి" అన్నాడు. తాబేలు మోకాలి లోతు మునిగింది.

"నా మీద ఎవరో వేసిన నింద వల్ల గొడవ జరిగి..." అన్నాడు. తాబేలు మెడ లోతు మునిగింది. ఉప్పునీళ్ళు నోట్లోకి పోయాయి.

మూడోసారి ఉప్పునీళ్ళు ఉమ్మేసి నోరు విప్పాడు. "పందిని చూసి నేను చెట్టెక్కాను. కొమరయ్య నా పేరు పెట్టి పిలిచాడు. వినపడింది, అయినా దిగలేదు. అతను చంపిన పందిని నేను చంపానని చెప్పుకున్నాను. అతని కూతురు నిజం చెబితే ఓర్చుకోలేక ఆమెను మాంత్రికుడి పాలు చేశాను" అని వలవలా ఏడ్చాడు. తాబేలు బెండులా పైకి తేలింది. ఏడు సముద్రాలూ దాటే దాకా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మంచి తాబేలు.

అవతలి ఒడ్డున దించుతూ, "కాకదంతుడి ప్రాణం చిలుకలో ఉంది. అన్నం తినేటప్పుడు కూడా వాడు పంజరం చేతిలోంచి దించడు. లాక్కోవడం నీ వల్ల కాదు. వాడంతట వాడే విసిరేయాలి" అంది.

హేమాంగదుడు తల వంచుకుని, "మనిషి చేతిలో ఉన్నదాన్ని ఎప్పుడు విసిరేస్తాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

అప్పుడు నడుముకున్న పట్టా విప్పాడు. వెండి పువ్వులు ఊడబెరికి సముద్రంలో పారేశాడు. ఆ తోలును కత్తితో గీకి, కోసి, రెండు బొమ్మలు చేశాడు. ఒకటి చెట్టు. రెండోది రాజకుమారుడు, అచ్చం తనే.

కాకదంతుడు వాడిని చూడగానే మురిసిపోయాడు. "నువ్వా నాయనా! నీ ఉపకారం జన్మలో మరిచిపోను, రా!" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. దొంగ మనల్ని చూసి 'మావాడే' అంటే ఎలా ఉంటుంది? హేమాంగదుడికి అలాగే ఉంది. లోపల బొమ్మలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. పైన సింగారి బొమ్మ.

"ఏం లాభం? కర్రతో తాకితే మనిషి బొమ్మవుతుంది గానీ, బొమ్మ ఆడదు. ఏటా మీ తెర అవతల చెవి ఆనించి కూర్చునేవాణ్ణి. ఎన్నడూ నన్ను రమ్మని పిలిచినవాడు లేడు" అన్నాడు కాకదంతుడు.

"నేను ఆడిస్తాను, చూడండి" అన్నాడు హేమాంగదుడు.

తెర కట్టాడు, దీపం పెట్టాడు. ఎన్నడూ బొమ్మ పట్టని చేతులు, వణికాయి. ఆ వణుకుకు చెట్టెక్కిన రాజకుమారుడి బొమ్మ కూడా నిజంగానే గజగజా వణికింది. "అమ్మో పంది! నాన్నోయ్ పంది! కొమరయ్యా, దాన్ని పొడిచేసి, పొడిచింది నేనని చెప్పవూ!" అంది బొమ్మ. కాకదంతుడు పడీ పడీ నవ్వాడు. పంజరంలో చిలుక కూడా రెక్కలు కొట్టుకుంటూ నవ్వింది. ఒక్క మాటా మిగల్చకుండా అంతా చెప్పాడు హేమాంగదుడు. సింగారి బొమ్మ వైపు మాత్రం చూడలేకపోయాడు.

అప్పుడు చెట్టు మీది బొమ్మ కాకదంతుడి వైపు తిరిగింది.

"నవ్వండి మాంత్రికులవారూ, నవ్వండి! నేను ఒక్క గడియ చెట్టెక్కాను. మరి తమరో? ప్రాణం ఒంట్లో ఉంచుకోవడానికి భయపడి, పిట్టలో దాచి, మూడొందలేళ్ళుగా మోస్తున్నారు! నాకంటే పిరికివాడు లోకంలో ఉండడనుకున్నాను, ఉన్నాడు! రండి, ఈ కొమ్మ మీద ఇద్దరికీ చోటుంది."

కాకదంతుడి నవ్వు ఠక్కున ఆగిపోయింది. లేచాడు. చేతిలో ఏముందో చూసుకోలేదు, తెర మీదికి విసిరికొట్టాడు. పంజరం నేలకు తగిలి పగిలిపోయింది. చిలుక వాడి ప్రాణంతో సహా కిటికీలోంచి ఎగిరిపోయింది. కాకదంతుడు నిలబడ్డ చోటే ముడుచుకుపోయి, అరచేయంత తోలుముక్కగా మిగిలాడు.

హేమాంగదుడు గెలిచానని గంతులేయలేదు. పంజరం విసిరేటప్పుడు దీపం వెలుగులో కాకదంతుడి మొహం చూశాడు. ఆనాడు ఊరంతా చూసింది తనలో ఆ మొహాన్నే. ఆ మొహాన్ని కన్నతండ్రి కూడా చూశాడు.

ఇంతలో మళ్ళీ మనిషైన సింగారి ఒళ్ళు దులుపుకుని లేచింది. "దవడ ఆలస్యంగా కదిలించారు. చెట్టు మాత్రం బాగుంది" అంది.

"విన్నావా?"

"మొదటి నుంచీ విన్నాను."

హేమాంగదుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. సింగారి బొమ్మలు సంచిలో సర్దింది. కాకదంతుడు మిగిల్చిన తోలుముక్కను కూడా హేమాంగదుడే తీసి అందులో వేశాడు. పాపం, పిలుపు కోసం అన్నేళ్ళు కాచుకున్నవాడు కదా.

ఇద్దరూ తాబేలెక్కి తిరిగొచ్చేసరికి తామరకోటలో జనమంతా కోట ముందు గుమిగూడారు. హేమాంగదుడు జయజయధ్వానాలు వద్దన్నాడు. బొమ్మను అడ్డం పెట్టుకోకుండా, తన నోటితోనే, మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. చెప్పి కొమరయ్య కుంటికాలి ముందు మోకరిల్లాడు.

"లేవండి బాబుగారూ, నలుగురూ చూస్తున్నారు" అన్నాడు కొమరయ్య కంగారుగా.

"చూడనీ కొమరయ్యా. ఆరోజు చూసే దిక్కు లేదనే కదా దిగలేదు" అన్నాడు హేమాంగదుడు.

కొమరయ్య కళ్ళు తుడుచుకుని, చేతికర్ర పక్కన పడేసి, వాడి భుజం ఆసరాగా పట్టుకుని నిలబడ్డాడు.

రాజు వాళ్ళిద్దరి పెళ్ళి మాట ఎత్తితే సింగారి హేమాంగదుణ్ణి ఒక్కటే అడిగింది. "వచ్చే ఏడు టింగరయ్య మళ్ళీ తమర్ని అంటే?"

హేమాంగదుడు ఆలోచించి, "కోపమొస్తుంది. చేతులు మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను" అన్నాడు.

"కోపం రాదని చెప్పుంటే ఒప్పుకునేదాన్ని కాదు" అని సింగారి నవ్వింది.

మరుసటి పండుగకు వాళ్ళ పెళ్ళయింది. తరవాత సింహాసనం ఎవరిదన్న మాట వస్తే అన్నలిద్దరూ, "ఊరంతటి ముందు తలవంచుకుని నిజం చెప్పినవాడి కంటే మాకు రాజెవడు?" అన్నారు. హేమాంగదుడు నలభై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఆ నలభై ఏళ్ళూ, ఏటా మూడో రోజున, కొత్త టింగరయ్య ఆ పంది కథే ఎత్తుకునేవాడు. రాజు నవ్వేవాడు. నవ్వుతున్నా సరే, ఏటా రెండు చెవులూ మిరపపండ్లలా ఎర్రబడేవి. ఆ చెవులు చూడాలని పిల్లలు పొద్దున్నే వచ్చి ముందు చాపలు ఆక్రమించుకునేవారు. రాజు పక్కకు జరిగి, వాళ్ళకు చోటిచ్చేవాడు.

కథ కంచి దారి పట్టింది. మీరు మీ మంచాల దారి పట్టండి.