అసిరమ్మ చేతి అయిదుగురు

ఇవాళ మధ్యాహ్నం. మబ్బు కమ్మింది, గాలి లేదు.

చేతికి అన్నీ ఉండి, వేళ్ళకు మాత్రం పేర్లు లేని కాలం నాటి కథ ఇది. మణికట్టుకు పేరుంది. అరచేతికి పేరుంది. గోటికీ ఉంది. వేళ్ళు ఉత్త వేళ్ళే.

కొండకింద ఊళ్ళో అసిరమ్మ అనే ముసలమ్మ ఉండేది. తల్లులు చీపురుపుల్లలకు కొండెక్కితే, వాళ్ళ అయిదుగురు పిల్లల్నీ ఆమే చూసేది. ఆమెకు మూడు దాటి లెక్క రాదు. "మూడూ మూడూ లెక్కపెట్టి ఒకరిని తీసెయ్యి, అత్తా" అని తల్లులు ఆటపట్టించేవారు.

ఒక రోజు నేరేడుపళ్ళకని పిల్లల్ని కొండమీంచి పారే గెడ్డ దాటించింది. తింటుండగానే కొండమీద వాన పడింది. గెడ్డలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆగితే ఇక దాటలేరు.

లోతు చూడ్డానికి ఒక చేత్తో కర్ర పట్టింది. రెండో చెయ్యి పిల్లలకిచ్చింది. బొద్దుగా ఉండే బొటనగాడు లావు వేలు పట్టాడు. అన్నిటినీ వేలెత్తి చూపే పిల్ల దాని పక్కది. భయస్థుడు నడిమికి దూరాడు. గడ్డి ఉంగరం పిల్ల ఆ పక్కన. చిటికెడంత పిల్లకు చివరిది మిగిలింది.

వెనక్కి తిరిగితే కాలు జారుతుంది. అందుకని పిలిచింది.

"బొటనా, చూపుడూ, నడిమోడా, ఉంగరమా, చిటికెనా."

అందరూ పలికారు. మోకాళ్ళ లోతులో పిలిచింది. అందరూ పలికారు. తొడల లోతులో పిలిచింది. చిటికెన పలకలేదు.

అసిరమ్మ ఆగిపోయింది. చలికి వేళ్ళు మొద్దుబారాయి, ఎవరున్నారో తెలియడం లేదు. కర్ర వదిలేసి ఆ చేత్తో తడిమింది. తడి జుట్టు తగిలింది. ముక్కు తగిలింది. ఆ కింద పళ్ళు. పిల్ల చివరి వేలిని కొరికి పట్టుకుని ఉంది.

ఒడ్డెక్కాకే వదిలింది. పలకవేమే అని అడిగితే, "నోరు తెరిస్తే కొట్టుకుపోనా, అమ్మమ్మా?" అంది.

అసిరమ్మ బురదలోనే కూలబడి నవ్వింది. "నోట్లో వేలు పెడితే కొరకదన్నారు గదే నిన్ను."

తల్లులు పరుగెత్తుకొచ్చారు. లెక్క మాట ఎవరూ ఎత్తలేదు.

అసిరమ్మ పోయి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఆమె పిలిచిన పేర్లు వేళ్ళకు ఉండిపోయాయి. పసిబిడ్డకు నూనె రాస్తూ ఇప్పటికీ ఒక్కో వేలూ లాగి పేరు పిలుస్తారు. చివరి వేలికి మాత్రం పిలవరు. మెల్లగా కొరుకుతారు. బిడ్డ కిలకిలా నవ్వుతుంది.

వాన పడితే తల్లులు గుమ్మంలో నిలబడి, ఇల్లు చేరిన ఒక్కో బిడ్డకూ ఒక్కో వేలు మడుస్తారు. అంకెలు అనరు. ఇవాళా పడింది, నేనూ గుమ్మంలో నిలబడ్డాను. పెద్దది వచ్చింది. నడిపివాడు వచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని. చిన్నది వీధి మలుపులో ఉంది, గుంటలన్నీ తొక్కుకుంటూ. వచ్చింది.