చిలక లేని వ్యాజ్యం

అనగనగనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఆయన కొలువులో తగవు ఎవరిదైనా మనుషులు నోరు విప్పకూడదు, చదువుకున్న చిలకలే వాదించాలి. ఎప్పుడూ భుజం మీద ఒక చిలకను ఉంచుకునే రాజు, అరుపులూ కేకలూ ఉండవని మురిసిపోయేవాడు.

చిన్నకొడుకు మణిదీపుడు మొదటిసారి కొలువుకొచ్చిన రోజున ధనదత్తుడనే వర్తకుడు మూడు చిలకలతో వచ్చాడు. ఎదుట కేతకి అనే అమ్మాయి ఒట్టి చేతులతో నిలబడింది. తమలపాకుతోట వర్తకుడిదేనని మొదటి చిలక పలికింది. రెండోదీ పలికింది. మూడోదీ పలికింది.

"ఆ తోట మా అమ్మ నాటింది..." అంటూండగానే కేతకిని భటులు వెనక్కి నెట్టారు.

"చిలక లేని వ్యాజ్యం వినం. తోట వర్తకుడిదే," అన్నాడు రాజు.

మణిదీపుడు పెద్దన్న వైపు తిరిగాడు. "అన్నా, ఆమె మాట విననేలేదే!"

"చిలకను కొనుక్కోవచ్చుగా!" అన్నాడు పెద్దన్న.

"తోట అమ్మినా చిలక రాదురా," నవ్వాడు రెండో అన్న.

చిలకల్ని అమ్మేది ఏడు సముద్రాల అవతల ఉండే మాంత్రికుడు కాలజిహ్వుడు. కేతకికి ఒక చిలకను తెస్తానని మణిదీపుడు బయలుదేరాడు. సముద్రం ఒడ్డున ఒక తాబేలు అతణ్ణి వీపు మీద ఎక్కించుకుంది.

"కాళ్లు పైకి పెట్టుకో నాయనా. సొరచేపకి రాకుమారుడైనా రొయ్యైనా ఒకటే! అన్నట్టు, ఆ మాంత్రికుడి ప్రాణం ఏదో చిలకలో ఉందట," అంది.

ఏడు సముద్రాలూ దాటాక మణిదీపుడు మాంత్రికుడికి దణ్ణం పెట్టి, "స్వామీ, మీరు లేకపోతే మా కొలువు నడవదు. మీ ప్రాణం భద్రమేనా?" అన్నాడు దిగులుగా.

మాంత్రికుడు పొంగిపోయాడు. "మీ నాన్న భుజం మీది చిలకలో ఉంది! డబ్బులేనివాడి మాట ఆయన పూర్తిగా వినేదాకా నాకు చావులేదు."

 చిన్నప్పుడు ఆ చిలకకు మణిదీపుడే జామపండ్లు తినిపించాడు.

చిలకను కొనకుండానే తిరిగి వచ్చి, కేతకిని కొలువుకు తీసుకెళ్లి, "నాన్నగారూ, కేతకి మాట వినండి," అన్నాడు.

"పద్ధతి తప్పమంటావా?"

"నాకూ చిలక లేదు. మరి నా మాట ఎలా వింటున్నారు?"

రాజు భటుల్ని పక్కకు జరగమన్నాడు. "చెప్పమ్మా," అన్నాడు కేతకితో.

ఆమె చెప్పడం పూర్తయ్యేసరికి భుజం మీది చిలక నేలరాలింది. ఏడు సముద్రాల అవతల మాంత్రికుడూ కూలిపోయాడు. తోట కేతకిదైంది.

"నన్ను పెళ్లాడతావా?" అన్నాడు మణిదీపుడు.

"పెళ్లాడతాను. ముందు మహారాజును నాలాంటివాళ్ల మాటలు విననివ్వండి," అంటూ ఆమె కోటతలుపు తెరిపించింది.

బయట ఊరి పొలిమేర దాటేదాకా జనం బారులు తీరి నిలబడి ఉన్నారు. రాజు గుమ్మం దాకా నడిచొచ్చాడు.

"ఇంతమందా! ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

"తలుపు బయటే, మహారాజా," అంది కేతకి.

పెళ్లి ముహూర్తం మూడుసార్లు వాయిదాపడింది. ఆఖరి ముసలమ్మ తన గోడు చెప్పుకుని వెళ్లాకే బాజాలు మోగాయి. తర్వాత రాజు పట్టం కట్టగా ఆ ఇద్దరూ జుట్టు నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు, తలుపు తెరిచే ఉంచి.