అద్దాలెత్తిన క్యాబిన్

మధ్యాహ్నం రెండు దాటింది. వడగాలి కొడుతోంది. షెడ్డు రేకులు పెనంలా కాలుతున్నాయి.

నేను క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి మా చిన్నోడు సీలాస్ మొహం ముడుచుకుని ఉన్నాడు. వాడు ఖాజా గారి దగ్గర లారీల ఏసీ పని నేర్చుకుంటున్నాడు. పనంతా వచ్చేసింది, ఇంకా బాగుచేసిన బండిని తనంతట తను పంపనివ్వరేమని వాడి బాధ.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏసీ బాగుచేసినవాడే ఆ బండి క్యాబిన్‌లో అద్దాలెత్తుకుని, ఇంజను ఆపకుండా, అందరికంటే ముందు తను పడుకోవాలి. ఖాజా గారు బయట నిలబడి తలుపు తడుతుంటారు. లోపలివాడు పలుకుతుండాలి. పక్క షెడ్లవాళ్లకి అదో వేళాకోళం. పని నేర్పుతున్నాడా, ఉయ్యాల ఊపుతున్నాడా అనేవారు. సీలాస్‌కి అది తలవంపుగా ఉండేది.

ఆ రోజు వచ్చింది మా పెద్దోడు తీతు నడిపే లారీయే. నడుస్తుంటే చల్లగా ఉండి, ఆగితే వేడిగాలి కొడుతోంది. సీలాస్ పొద్దున్నే పట్టేశాడు. వేడిని బయటికి వదిలే కండెన్సర్ దుమ్ముతో మూసుకుపోయింది, పైపు అతుకు దగ్గర గ్యాస్ పోతోంది. కడిగాడు, పైపు మార్చాడు, గ్యాస్ నింపాడు. క్లీనరు ఆదెయ్య లోపల కూర్చుని చూసి, కొత్తల్లుడిగా అత్తారింటికి వెళ్లినప్పుడు కూడా తనని ఇంత చల్లగా చూసుకోలేదన్నాడట. సాయంత్రం లోడుకి వెళ్లాలి కదా అని తీతూ, ఆదెయ్యా ఇంజను ఆపకుండా అందులోనే నడుం వాల్చారు.

నమాజుకి వెళ్లిన ఖాజా గారు అప్పుడే వచ్చారు. సీలాస్ మీటరు చూపించి, ఎంత చల్లగా వస్తోందో చెప్పాడు.

"నువ్వు పడుకున్నావా?" అన్నారాయన.

"మీటరుండగా మనిషెందుకు ఉస్తాద్?"

ఆయన బల్ల మీది ఇనప రాడ్డు అందుకున్నారు.

"వెళ్లి మీ అన్నని లేపు."

సీలాస్ నవ్వుతూనే వెళ్లాడు. తలుపు తట్టాడు. అన్నా అని పిలిచాడు. మళ్లీ తట్టాడు. ఆదెయ్య బాబాయ్ అన్నాడు. లోపల ఎవరూ పలక్కపోతే రెండు చేతులతో తలుపు బాదాడు.

ఖాజా గారు అద్దం పగలగొట్టారు.

తీతు కాళ్లు పట్టి లాగింది నేనే. లోపలంతా చల్లగా ఉంది. ఆ చలి ఇంకా నా చేతులకి ఉంది.

పైపు క్యాబిన్‌లోకి దూరేచోట కన్నం మూసే రబ్బరు బిళ్ల ఉంటుందట. పైపు మార్చినప్పుడు సీలాస్ దాన్ని తిరిగి పెట్టలేదు. సరిగ్గా దాని కిందే ఇంజను పొగగొట్టం చీలి ఉంది. ఇద్దరూ నిద్రలోనే ఆ పొగ పీల్చారు.

ఆసుపత్రి వరండాలో సీలాస్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఖాజా గారు వెళ్లి వాడి పక్కన నేల మీదే కూర్చున్నారు. తిట్టలేదు. భుజం మీద చెయ్యీ వెయ్యలేదు. వాడే ముందు అన్నాడు.

"మీటరు సరిగ్గానే చూపించింది ఉస్తాద్."

"చల్లదనం చూపించింది. లోపలివాడు పలుకుతున్నాడో లేదో అది చెప్పదురా."



ఆసుపత్రి నుంచి తీతుని ఇంటికి పంపిన రోజు నేను గుమ్మంలో నిలబడి, ఆ షెడ్డు నుంచి ఎవరెవరు తిరిగొచ్చారో లెక్కపెట్టుకున్నాను. తీతు వచ్చాడు, గోడ పట్టుకుని నడుస్తూ. సీలాస్ వచ్చాడు, లోపలికి రాకుండా మెట్టు మీదే కూర్చున్నాడు. ఖాజా గారు ఆదెయ్య శవాన్ని వాళ్ల ఊరు చేర్చడానికి వెళ్లి, ఇంకా తిరిగి రాలేదు.

ఇద్దరు. మళ్లీ లెక్కపెట్టాను.

ఇద్దరే.